అడ్మిన్లే హద్దు దాటితే: అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా నోరు జారితే అడ్మిన్ సర్దిచెబుతారు. ఆ అడ్మినే నోరు జారితే ఎక్కువమంది ఓనర్లు గ్రూపును మ్యూట్ చేసి ఊరుకుంటారు. కానీ నీళ్ల ట్యాంకర్ ఆలస్యం, లిఫ్ట్ రిపేరు ఖర్చు, జనరల్ బాడీ మీటింగ్ తేదీ అన్నీ వచ్చేది ఆ గ్రూపులోనే. మ్యూట్ చేసినవాళ్లు కొన్నాళ్లకు అసోసియేషన్‌కే దూరమైపోతారు. అందుకే దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు.

నేను చూసినంతలో దీనికి మనిషి స్వభావం కన్నా పెద్ద కారణం ఒకటుంది. ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ ఏం చేయాలో బైలాస్‌లో, అంటే అసోసియేషన్ రాసుకున్న నియమాల్లో, ఉంటుంది. అడ్మిన్ గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క ఉండదు. ఎవరిని తీసెయ్యాలి, ఏది డిలీట్ చెయ్యాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవన్నీ ఆయన ఇష్టానికే వదిలేస్తున్నాం. పైగా అది జీతం లేని పని. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి రాత్రి పదకొండింటికి పార్కింగ్ గొడవ తీర్చాలి. ఒకవైపు విసుగు, ఇంకోవైపు అదుపు లేని అధికారం. కింది సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ముందు చేయాల్సిన పని

కోపంలో గ్రూపులో జవాబు రాయకండి. మెసేజ్ తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మర్నాడు పొద్దున మళ్లీ చదవండి. అప్పటికీ తప్పుగానే అనిపిస్తే ముందుకెళ్లండి. ఒకసారి జరిగిందా, పదేపదే జరుగుతోందా అన్నది కూడా చూసుకోండి. రెండింటికీ మందు ఒకటి కాదు.

సమస్య: లెక్కలు అడిగితే మెసేజ్ మాయం

కార్పస్ ఫండ్ (అసోసియేషన్ మూలనిధి) ఎంతుంది, జనరేటర్ డీజిల్‌కు ఎంతయింది అని అడుగుతారు. కాసేపటికి ఆ మెసేజ్ ఉండదు. అడ్మిన్ డిలీట్ చేస్తే వాట్సాప్ ఆ చోట ఫలానా అడ్మిన్ తొలగించారని చూపిస్తుంది కాబట్టి ఎవరు తీశారో తెలుసుకోవడానికి కష్టపడనక్కర్లేదు. ఎందుకు తీశారన్నదే తేల్చాలి.

కారణాలు రెండు రకాలు. మొదటిది భయం. గ్రూపులో ఎవరేం పెట్టినా పోలీసులు అడ్మిన్‌నే పట్టుకుంటారన్న ప్రచారం ఏళ్లుగా తిరుగుతోంది. అది నమ్మినవాళ్లు కాస్త ఘాటుగా కనబడిన ప్రతిదీ తీసేస్తారు. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఈ విషయం మీద తీర్పులిచ్చాయి. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన నేరబాధ్యత రాదని, అందులో అడ్మిన్‌కు కూడా చేయి ఉంటే వేరే సంగతని వాటి సారాంశం. భయపడే అడ్మిన్‌తో కూర్చుని ఈ సంగతి నెమ్మదిగా చెప్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

రెండోది లెక్కలు సరిగ్గా లేకపోవడం. ఇక్కడ గ్రూపులో వాదించి లాభం లేదు, వాదించిన కొద్దీ డిలీట్లే పెరుగుతాయి. సెక్రటరీ పేరున ఒక కాగితం రాసి ఇచ్చి, అందినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి. నలుగురైదుగురు ఓనర్లు కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది. ఆ కాగితాన్ని డిలీట్ చేసే బటన్ ఎవరి దగ్గరా ఉండదు.

ఇక ముందు ఇలా జరగకుండా కమిటీ ఒక తీర్మానం రాసుకోవాలి. బూతులు, కులమతాల మాటలు, పుకార్లు, ఇతరుల ఫోటోలు, నంబర్లు తప్ప ఇంకేదీ డిలీట్ చేయకూడదు. డిలీట్ చేస్తే ఎందుకు చేశారో ఒక్క వాక్యం గ్రూపులో పెట్టాలి. లెక్కల గురించిన ప్రశ్న ఎంత చిరాకు తెప్పించినా దాని జోలికి వెళ్లకూడదు.

సమస్య: బాకీ ఉన్నవాళ్లను నలుగురిలో పరువు తీయడం

‘304 వాళ్లు మూడు నెలలుగా మెయింటెనెన్స్ కట్టలేదు, కొంచెం సిగ్గుండాలి’ అని ట్రెజరరే పెడతారు. కింద ఇద్దరు నవ్వే బొమ్మలు పెడతారు. అదే లిఫ్టులో ఆ ఇంటి పిల్లలు మర్నాడు స్కూలుకు దిగాలి.

దీని వెనక దురుద్దేశం ఉండటం తక్కువ. వాచ్‌మన్ జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి, డబ్బులు చాలక ట్రెజరర్ జేబులోంచి వేసుకుని ఉంటారు. ఆ టెన్షన్ మాటల్లోకి వస్తుంది. బాకీ వసూలుకు వేరే పద్ధతి లేకపోతే గ్రూపులో పరువు తీయడమే పద్ధతైపోతుంది. పరువు పోయేలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు దాకా వెళ్లొచ్చన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు.

ప్రెసిడెంట్ గానీ సెక్రటరీ గానీ అదే రోజు విడిగా మెసేజ్ పెట్టాలి. ఆలస్యమైతే కమిటీ అంతా ఒప్పుకున్నట్టే అందరూ అనుకుంటారు. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘సార్, రాత్రి 304 వాళ్ల గురించి మీరు పెట్టింది చూశాను. డబ్బులు రాక మీరు పడుతున్న ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఆ మాట కమిటీ తరఫున వెళ్లకూడదు. దయచేసి సాయంత్రంలోపు తీసేసి, వాళ్లకు ఒక్క మాట చెప్పండి. వసూలు సంగతి మనిద్దరం కూర్చుని చూద్దాం. ఏడు తర్వాత మీ ఇంటికి వస్తాను.’

ఇందులో ముఖ్యమైనది చివరి వాక్యం. ఇంటికి వెళ్లి మాట్లాడితే ఐదు నిమిషాల్లో చల్లారే విషయం మెసేజ్‌లలో చిలికి చిలికి గాలివాన అవుతుంది. క్షమాపణ మాత్రం ఎక్కడ అవమానించారో అక్కడే, గ్రూపులోనే చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడితే 304 వాళ్లకు న్యాయం జరిగినట్టు కాదు. బాకీల నోటీసులు ఇకపై ఆ ఇంటికే, కవర్లో వెళ్లాలి.

సమస్య: కమిటీ మెంబర్లు గ్రూపులోనే కొట్టుకోవడం

సెక్రటరీ ఒక ప్లంబర్‌ను పిలిస్తే ప్రెసిడెంట్ అందరి ముందు తప్పుపడతారు. కమిటీకి వేరే గ్రూపు లేకపోవడమో, ఉన్నా అందులో తేలనివి ఇక్కడికి రావడమో కారణం. కమిటీకి వేరే గ్రూపు పెట్టుకోండి, నెలకోసారి ఎదురెదురుగా కూర్చోండి. గొడవ మొదలైన రోజున కమిటీలో లేని ఒక పెద్దమనిషి ‘అడ్మిన్లు మాత్రమే’ సెట్టింగ్ పెట్టించి ఒక రాత్రి గ్రూపును ఆపించినా తప్పులేదు. ఒక రాత్రి మాత్రమే. వారాల తరబడి అలాగే ఉంచితే అది ఓనర్ల నోరు మూయడమే.

సమస్య: ఆడవాళ్లకు విడిగా మెసేజ్‌లు

అడ్మిన్ గానీ కమిటీ మెంబరు గానీ గ్రూపులో నంబరు చూసి, కమిటీ పని సాకుతో మొదలుపెట్టి, ‘ఇంకా పడుకోలేదా’ అనే దాకా వెళ్లడం. దీన్ని పైవాటితో కలిపి చూడకూడదు. ఇక్కడ సర్దుబాటు, రెండో అవకాశం అన్న మాటే ఉండకూడదని గట్టిగా చెప్తాను. ఫిర్యాదు వచ్చిన రోజే ఆ మనిషిని అడ్మిన్ బాధ్యత నుంచి, కమిటీ పని నుంచి పక్కన పెట్టి, ఆ తర్వాత విచారించాలి. ‘ఆయన మంచివాడేనమ్మా, అపార్థం చేసుకున్నావేమో’ అని ఫిర్యాదు చేసినావిడకే సర్దిచెప్పడం కమిటీ చేసే అతి పెద్ద తప్పు.

మెసేజ్ వచ్చినవాళ్లు వీలైతే ‘నాకు పర్సనల్‌గా మెసేజ్ చేయొద్దు’ అని ఒక్కసారి స్పష్టంగా రాసి పెట్టాలి. ఇష్టం లేదని తేల్చి చెప్పాక కూడా వెంటపడి పదేపదే సంప్రదిస్తే న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఆ ఒక్క వాక్యం సాక్ష్యంగా పనికొస్తుంది. చాట్ డిలీట్ చేయకండి. తెలంగాణలో ఆడవాళ్ల భద్రత కోసం 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసర నంబరు 112 ఎక్కడైనా పనిచేస్తాయి. పోలీసుల దగ్గరికి వెళ్లడానికి కమిటీ అనుమతి అక్కర్లేదు.

సమస్య: పదవి పోయినా గ్రూపు వదలకపోవడం

కొత్త కమిటీ వచ్చింది, గ్రూపు మాత్రం పాత సెక్రటరీ చేతిలోనే ఉంది. నచ్చనివాళ్లను తీసేస్తుంటారు. 2018లో వచ్చిన మార్పు ప్రకారం వాట్సాప్‌లో గ్రూపు సృష్టించిన మనిషిని ఇతర అడ్మిన్లు ఆ గ్రూపులోంచి తీసేయలేరు. అందువల్ల ఆయనతో పోట్లాడటం వృథా. ముందు మర్యాదగా అడగండి. ఏళ్ల తరబడి చేసిన పనిని మీటింగులో అందరి ముందు గుర్తుచేసుకుని శాలువా కప్పితే చాలామంది సంతోషంగానే అప్పగిస్తారు. నిజానికి వాళ్లలో చాలామందికి ఉన్న బాధ ఆ గుర్తింపు దొరకలేదనే.

వినకపోతే కొత్త గ్రూపు పెట్టడమే దారి. కానీ ఈసారి కొత్త సెక్రటరీ సొంత నంబరుతో పెట్టకండి. అసోసియేషన్ పేరున ఒక సిమ్ తీసుకుని, ఆ నంబరుతో గ్రూపు సృష్టించి, ఆ ఫోన్‌ను బ్యాంకు పాస్‌బుక్, మినిట్స్ బుక్‌లతో పాటు ప్రతి కొత్త కమిటీకి అప్పగించండి. ఆ నంబరు కాక ఇంకో ఇద్దరు అడ్మిన్లుగా ఉండాలి, ఒకరు కమిటీ బయటివారైతే మేలు. కొత్త గ్రూపు సంగతి నోటీసు బోర్డు మీద కూడా పెట్టండి, పెద్దవాళ్లు చాలామంది దాన్నే చూస్తారు.

ఏదీ పనిచేయకపోతే

మొదటిసారి విడిగా చెప్పడం, రెండోసారి కమిటీ మీటింగులో చెప్పి మినిట్స్‌లో (మీటింగు రికార్డులో) రాయడం, మూడోసారి అడ్మిన్ బాధ్యత తీసేయడం. అమర్యాదకు ఈ వరుస సరిపోతుంది. తప్పు చేసింది ప్రెసిడెంటే అయితే, బైలాస్‌లో చెప్పినంతమంది ఓనర్ల సంతకాలతో ప్రత్యేక జనరల్ బాడీ మీటింగ్ కోరండి. అజెండాలో వ్యక్తి మీద తిట్లు కాకుండా, జరిగినవి తేదీలతో రాయండి.

అసోసియేషన్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, దాని 23వ సెక్షన్ ప్రకారం సొసైటీ వ్యవహారాల మీద వివాదాన్ని ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి తీసుకెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టొచ్చు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనవీ ఉన్నాయి, వాటి దారి వేరు. కాబట్టి లాయర్ దగ్గరికి వెళ్లేముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ కాపీలు తీసి దగ్గర పెట్టుకోండి. లాయర్ మొదట అడిగేది అవే.