కొత్త మోటోక్రాస్ బండి మీద మొదటి పూట

టాటా ఏస్‌లోంచి నా కవాసాకి కేఎక్స్250ని దించగానే మావయ్య చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, సైడ్ స్టాండ్ మర్చిపోయి పంపించినారా?" అన్నాడు. మర్చిపోలేదు. మోటోక్రాస్ బండికి, అంటే మట్టి ట్రాకుల మీద పందేలకు చేసిన బండికి, అది ఉండదు. తాళం, హెడ్‌లైటు, స్పీడో మీటరు కూడా ఉండవు. రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి రోడ్డెక్కించకూడదు. అందుకే మదనపల్లె దగ్గర శనక్కాయ పీకేసిన మా పొలంలోనే మొదటి పూట తిప్పాను.

ఆ పూట అయ్యాక నా అభిప్రాయం ఒక్కటే: ఈ బండి తిరగదు. గట్టు పక్కన చింతచెట్టు దగ్గర మలుపులో ముందు చక్రం ప్రతిసారీ బయటికి జారిపోయింది. అన్ని లక్షలు పోసి తప్పు చేశానా అని రాత్రంతా టెన్షన్. మర్నాడు టేపు పెట్టి కొలిస్తే తెలిసింది, నేను చెయ్యాల్సిన పని చెయ్యలేదని. మీరు నాలా రాత్రి నిద్ర పాడు చేసుకోకండి.

ముందు గాలి. టైర్లలో 14 పీఎస్ఐ చాలు. పంక్చర్ షాపు కుర్రాడు 30 కొట్టబోతే ఆపాల్సి వచ్చింది. "అన్నా, ఇది ఫ్లాట్ టైరు లెక్క" అని ఇప్పటికీ నవ్వుతాడు. తర్వాత పెగ్గుల మీద, అంటే కాళ్లు పెట్టే ఫుట్‌రెస్టుల మీద, నిలబడి చేతులు చాపి చూడండి. లీవర్లు వేళ్లకు నేరుగా అందాలి. కూర్చున్నప్పుడు బాగుందని వదిలేస్తే నిలబడ్డాక మణికట్టు నొప్పి పుడుతుంది.

మా మోడల్‌తో మూడు రంగుల కప్లర్లు, అంటే ఇంజన్ సెట్టింగ్ మార్చే చిన్న ప్లగ్గులు, వస్తాయి. పచ్చది మామూలుది, నల్లది గట్టి నేలకు, తెల్లది మెత్తటి నేలకు. మెత్తటి నేల కప్లర్ అంటే మెత్తగా పోతుందనుకుంటే పొరపాటే, విరుచుకు పడేది అదే. మా ఎండిన ఎర్రనేలకు నల్లదే సరిపోయింది. బండిని కదిలించేటప్పుడు స్ప్లెండర్ మీద తిప్పినట్టు థ్రాటిల్ తిప్పకండి, ముందు చక్రం లేస్తుంది. రెండో గేరులో, క్లచ్ మీద ఒక్క వేలు పెట్టుకుని కదలండి. మొదట్లో సగం థ్రాటిల్ దాటకుండా ఇరవై నిమిషాలు తిప్పి, ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాత మళ్లీ. రేడియేటర్‌కి ఫ్యాన్ ఉండదు, కాబట్టి ఫొటోల కోసం బండిని ఆన్‌లో పెట్టి నిలబడొద్దు.

ఇక అసలు పని, శాగ్. అంటే మీ బరువుకు వెనక సస్పెన్షన్ ఎంత దిగుతుందో చూడడం. టమాటా క్రేటు బోర్లించి, మీద పలకలు పేర్చి, వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని నిలబెట్టాం. యాక్సిల్ మధ్య నుంచి నేరుగా పైకి, మడ్‌గార్డు మీద మార్కర్‌తో పెట్టిన చుక్క దాకా 605 మి.మీ. వచ్చింది. తర్వాత బండిని కిందికి దించి, హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని, పెగ్గుల మీద కాళ్లు పెట్టి ఎక్కాను. మావయ్య హ్యాండిల్ పట్టుకుంటే బావమరిది కొలిచాడు: 488. తేడా 117. అది 100–105 మధ్య ఉండాలి! వెనక అంతగా కూలబడితే ముందు భాగం లేచి చక్రం మీద బరువు తగ్గుతుంది, మలుపులో నేలను పట్టదు. నా చింతచెట్టు గొడవ అదే.

వెనక షాక్ అబ్జార్బర్ మీద పై లాక్ రింగు వదులు చేసి, కింది రింగును బిగించాలి. ఒక చుట్టుకు సుమారు 3 మి.మీ. మారింది. నాలుగు చుట్లు తిప్పి మళ్లీ కొలిస్తే 104. ఇప్పుడు మీరు దిగి ఖాళీ బండిని కూడా కొలవండి. తన బరువుకే 30–40 మి.మీ. దిగాలి. అంతకంటే తక్కువ దిగిందంటే రింగు మరీ బిగించాల్సి వచ్చిందని, మీ బరువుకు ఆ స్ప్రింగ్ చాలదని అర్థం. గట్టిది వేయించాలి తప్ప రింగు బిగిస్తూ పోతే లాభం లేదు.

స్పోకుల సంగతి చిన్నదే గానీ మర్చిపోకండి. కొత్త చక్రాల్లో మొదటి ఇరవై నిమిషాలకే వదులవుతాయి. స్పానర్‌తో ఒక్కోదాన్నీ తట్టండి. టింగ్ మంటే సరే, టక్ మంటే బిగించాలి. వెనక స్ప్రాకెట్ బోల్టులు కూడా అంతే. నేను చూడలేదు, రెండు బోల్టులు వేళ్లతోనే తిరిగాయి. ఇంకాసేపు తిప్పి ఉంటే ఏమయ్యేదో.

మొదటి ఆయిల్ మార్చినప్పుడు గుడ్డ మీద సన్నటి వెండి పొడి కనిపిస్తుంది. భయం లేదు. గోరుకు తగిలే ముక్కలు ఉంటే మాత్రం బండి ఆపి మెకానిక్‌కి చూపించండి.

రెండో రోజు సాయంత్రం అదే మలుపులో ముందు చక్రం గాడి వదల్లేదు. మావయ్య అప్పటికే బండిని ఆనించడానికని గట్టు మీద ఒక వేపకొయ్య పాతేశాడు.