వానలు దిగకముందే డై స్టీలు చూసుకోండి

అక్టోబరు సగం దాటితే మద్రాసులో ఈశాన్య వానలు మొదలవుతాయి. అదే సమయంలో దీపావళి ముందు డైలు (రేకుకీ, లోహానికీ, ప్లాస్టిక్‌కీ ఆకారమిచ్చే అచ్చులు) కావాలని ఆర్డరిచ్చిన పార్టీలు తొందరపెడతారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి మద్రాసు అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో డైలు తయారుచేసే టూల్‌రూముల్లో చేరిన తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిషనింగ్‌లో జరిగిన తప్పు చాలావరకు దిద్దుకోవచ్చు. హార్డెనింగ్‌లో, అంటే కాల్చి గట్టిపరచడంలో పగిలిన డై మాత్రం తుక్కుకే.

స్టీలు కొనేటప్పుడు "బాగా గట్టిది ఇవ్వండి" అని అడక్కండి. గట్టిదనం పెరిగేకొద్దీ దెబ్బకు తట్టుకునే గుణం తగ్గుతుంది. విరిగిన పాత పంచ్‌ని (రేకుని కోసే, గుచ్చే ముక్క) ఒకసారి చేతిలోకి తీసుకోండి. అంచు అరిగి గుండ్రబడిందంటే డీ2 అనే గ్రేడు స్టీలు సరిపోతుంది. కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం ఉంటాయి, 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత) వస్తుంది, గాలిలోనే గట్టిపడుతుంది కాబట్టి వంపు తక్కువ. మనం హెచ్‌సీహెచ్‌సీఆర్ (హై కార్బన్ హై క్రోమియం) అనేది దీన్నే, కానీ డీ3నీ అదే పేరుతో అమ్ముతారు. డీ3లో కార్బన్ 2 శాతం పైనే, నూనెలో ముంచాలి, ఇంకా పెళుసు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. అంచు అరగకుండా పెచ్చులూడుతోందంటే డీ2 వద్దు, కార్బన్ 0.5 శాతం దగ్గరుండే ఎస్7 లాంటిది చూడండి. చిన్న పంచ్‌లకూ, తక్కువ పీసులకూ నూనెలో గట్టిపడే ఓహెచ్‌ఎన్‌ఎస్ స్టీలు చాలు.

అల్యూమినియం డై కాస్టింగ్‌కి హెచ్13. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే చోట డీ2 తొందరగా చిట్లుతుంది. ప్లాస్టిక్ మోల్డుకి పీ20 ముందే 30 హెచ్‌ఆర్‌సీ దగ్గర గట్టిపరిచి వస్తుంది, హార్డెనింగ్ బాధే లేదు. పీవీసీ అయితే 420 స్టెయిన్‌లెస్ తీసుకోండి, పీవీసీ మాడితే వచ్చే హైడ్రోక్లోరిక్ యాసిడ్ మోల్డుని తినేస్తుంది.

12 శాతం క్రోమియం ఉందని డీ2ని తడిలో వదిలేయకండి. ఆ క్రోమియంలో పెద్ద భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్లుగా మారి ఉంటుంది, అందుకే తుప్పు పడుతుంది. 2015 డిసెంబరు వరదలో అంబత్తూరు ఎస్టేటులోకి ఎంత నీళ్ళొచ్చాయో చూసినవాళ్ళకి బార్లు నేల మీద పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. బారు చివర పూసిన రంగుని నమ్మకండి, గ్రేడుని అక్షరాల పంచ్‌తో బారు మీదే కొట్టండి. బారు ముక్క కోసేటప్పుడు గుర్తు లేని వైపు నుంచి కోయండి.

పదేళ్ళ కిందట ఒక డీ2 డైని వైర్‌కట్‌లో (కరెంటు తీగతో కోసే మిషను) చతురస్రంగా, మూలలు కోసుగా తీసి హార్డెనింగ్‌కి పంపాను. ఆ రాత్రి వానకు కరెంటు పోయింది. క్వెంచ్ అయిన (కాల్చి చల్లార్చిన) డైని టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్ళీ కాస్త వేడిచేయడం) చేయకుండా పొద్దుటిదాకా ఉంచారు. తెల్లారి చూస్తే మూల నుంచి వెంట్రుకంత గీత. ఇప్పుడు లోపలి మూల ప్రతిదానికీ రేడియస్ ఇస్తాను. వైర్‌కట్ వదిలిన తెల్లటి పొరని రాయితో తీయిస్తాను. పంపేముందు జనరేటర్ ఉందా అని అడుగుతాను. డై 50-70 డిగ్రీలకు దిగగానే టెంపరింగ్‌లోకి వెళ్ళాలి, తర్వాత రెండోసారి కూడా.

అన్నిటికంటే భయపడాల్సింది తడి. వానలో తెచ్చిన డై బోల్టు రంధ్రంలో నాలుగు చుక్కలున్నా, డైని వేడిచేసే సాల్ట్ బాత్‌లో (కరిగిన ఉప్పు తొట్టి) దించితే ఆ నీరు క్షణంలో 1,600 రెట్లు ఆవిరై ఉప్పుని మనిషి మీదికి చిమ్ముతుంది. రంధ్రాలన్నీ గాలి కొట్టి ఆరబెట్టండి, ప్రీహీట్ చేశాకే దించమనండి. క్వెంచ్ నూనె తొట్టి రేకు కారే చోట ఉంటే జరిపించండి. నీరు నూనె అడుగున చేరుతుంది, వేడి డై దిగగానే పొంగి మంటలు లేస్తాయి.

డైతో పాటు చీటీ పంపండి: గ్రేడు, కావాల్సిన హెచ్‌ఆర్‌సీ, గ్రైండింగ్‌కి వదిలిన మందం. తిరిగొచ్చాక రిక్షా నుంచి దించేలోపే హార్డ్‌నెస్ చూడండి.