కరివేపాకు కుండీలో సీతాకోకచిలుకలు

బాల్కనీలో రెండు కరివేపాకు కుండీలు పెట్టండి, ఒకటి మనకి ఒకటి పురుగులకి, నవ్వకండి నిజంగానే చెప్తున్నా. కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక కరివేపాకు, నిమ్మ లాంటి మొక్కల లేతాకుల మీద గుడ్లు పెడుతుంది, లేత పసుపు రంగులో ఆవగింజంత కూడా ఉండవు, కళ్ళజోడు పెట్టుకుని వెతకాలి. పిల్ల పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, నేను మొదటిసారి నిజంగా రెట్టే అనుకుని తుడిచేశా, ఛ. తర్వాత ఆకుపచ్చగా మారి బాగా లావెక్కుతుంది, పుల్లతో కొంచెం తాకితే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది, చీమల్లాంటి శత్రువుల్ని బెదిరించడానికి. ఒక్కసారి చూసి వదిలేయండి, ఊరికే గెలకొద్దు.

మందులు కొట్టొద్దు, వేపనూనె కూడా వద్దు, అది కూడా పురుగుల్ని చంపేస్తుంది. ఖాళీ జాగా ఉంటే జిల్లేడు పీకకుండా వదిలేయండి, ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది, పాలు మాత్రం కంట్లో పడకూడదు జాగ్రత్త. తేనెకి బంతి, నూరువరహాలు చాలు.

పక్షులకి వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోపు నీళ్ళు, మధ్యలో ఓ రాయి. రోజు విడిచి రోజు పారబోసి కడగాలి, లేదంటే దోమలే మిగుల్తాయి.

పిల్లలుంటే గుడ్డు కనపడిన రోజునుంచి క్యాలెండర్ మీద టిక్కులు పెట్టించండి. ఫోటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే అదేంటో ఎవరో ఒకరు చెప్తారు.