కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక పీసీ ఆగిపోతోందా? ముందు పవర్ సప్లై చూడండి

గేమ్ తెరవగానే మొత్తం ఆరిపోతోంది

డెస్క్‌టాప్ బానే వస్తుంది, వీడియోలూ బానే ఆడతాయి. గేమ్‌లో లోడింగ్ స్క్రీన్ దాటగానే టప్పున అంతా చీకటి. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. వెనకాల పవర్ సప్లై (పీసీ భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే లేస్తుంది.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. 550 వాట్ల పాత సప్లై మీద 320 వాట్ల కార్డు పెట్టాను. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశాను, విండోస్ కూడా మళ్లీ ఎక్కించాను. రెండు రోజులు దండగ. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ చూసి ఏదో దొరికిందనుకున్నాను. అది చెప్పేది ఒక్కటే: పీసీ సరిగా షట్‌డౌన్ కాలేదు అని. అది మనకు ముందే తెలుసు!

అసలు కారణం స్పైక్‌లు, అంటే కార్డు రెప్పపాటు సేపు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగడం. కార్డు మీద రాసిన 320 వాట్లు సగటు లెక్క. మిల్లీసెకన్ల పాటు అది ఒకటిన్నర రెట్లకు కూడా ఎగబాకుతుంది. అదే క్షణంలో ప్రాసెసర్ కూడా గట్టిగా లాగితే, సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

కొత్తది కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఆఫ్టర్‌బర్నర్ (గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్)లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు లాగే కరెంటు హద్దును, 70 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. ఇక ఆగకపోతే అనుమానం సప్లై మీదే. అప్పటికీ స్క్రీన్ మీద గీతలు, రంగుల చుక్కలు వస్తుంటే కార్డునే అనుమానించాలి.

తర్వాత సప్లై పక్కనున్న లేబుల్ చదవండి. నా దాని మీద 12 వోల్టుల గడిలో 38 ఆంపియర్లు అని ఉంది. 12తో గుణిస్తే 456 వాట్లు. పేరుకు 550, కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి అందేది మాత్రం 456. మిగతాది 3.3, 5 వోల్టుల లైన్ల లెక్క. పెట్టె మీది పెద్ద అంకె చూసి మోసపోయేది ఇక్కడే.

ఎంతది కొనాలి? కార్డుకు 320, ప్రాసెసర్‌కు 150, ఫ్యాన్లూ డిస్కులూ బోర్డూ కలిపి 60. మొత్తం 530. దానికి 40 శాతం కలిపితే 742, అంటే 750 వాట్లది. 2022లో పవర్ సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ స్పైక్‌ల కోసమే, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడు తట్టుకోవాలని అడుగుతుంది. సప్లై మీది గోల్డ్, బ్రాంజ్ ముద్రలు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతాయి, అంతే. స్పైక్‌లు తట్టుకుంటుందో లేదో వాటిని చూసి తెలుసుకోలేం.

స్క్రీన్ నల్లబడుతుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి, సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది

ఇక్కడ చాలాసార్లు కేబుల్‌దే తప్పు. కార్డుకు పెట్టే 8 పిన్ల కనెక్టర్ ఒక్కోటి 150 వాట్ల వరకు, కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్ల వరకు ఇస్తాయి. ఒకే తీగకు రెండు తలలున్న కేబుల్‌తో పెద్ద కార్డును నడుపుతుంటే, తీసేసి సప్లై నుంచి రెండు విడి కేబుళ్లు లాగండి. పాత డిస్కులకు వాడే మోలెక్స్ ప్లగ్ నుంచి కార్డుకు కరెంటు మళ్లించే అడాప్టర్ల జోలికి పోకండి. కొత్త రకం 16 పిన్ల కనెక్టర్ అయితే సందు కనబడకుండా లోపలికి నొక్కాలి. కనెక్టర్ పక్కన కేబుల్‌ను మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు వంచకూడదు. సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరిగిపోవచ్చు.

అసలు డిస్‌ప్లేనే రావట్లేదు

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టలేదు కదా? నవ్వకండి, నేనూ పెట్టాను. అది కాకపోతే కార్డు పవర్ కేబుల్ చూడండి. 6+2గా విడిపోయేది కార్డుది, 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది.

సప్లై మార్చేటప్పుడు

పాత మాడ్యులర్ కేబుళ్లు (సప్లై నుంచి ఊడదీయగలిగేవి) అలాగే ఉంచి సప్లై ఒక్కటే మార్చేద్దామనిపిస్తుంది. ఆ పని అస్సలు చేయకండి. సప్లై వైపు పిన్ల వరస కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. ప్లగ్ చక్కగా దిగుతుంది, ఆన్ చేయగానే డిస్కు కాలిపోవచ్చు. అందుకే నేను కేసులోని పాత తీగలన్నీ పీకేసి, 750 వాట్ల సప్లైతో వచ్చిన కేబుళ్లే మొదటి నుంచీ వేసుకున్నాను. గంటన్నర పట్టింది.