పెద్దవాళ్లు రోజూ నడిచే దారిని ఇంటి దగ్గరే ఎలా తయారు చేయాలి?

"నాయినా, రోజూ కాసేపు నడువు" అని చెప్పేసి మనం బండెక్కి వెళ్లిపోతాం. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పం. నల్లగొండలో మా నాయిన దాదాపు ఆరు నెలలు గేటు దాటలేదు. మోకాళ్ల నొప్పులని మేమనుకుంటే, అసలు సంగతి గల్లీ మలుపులో మోరీ మీద ఊగుతున్న బండ. దాని మీద ఒకసారి తూలాడట, పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

అందుకే మొదటి పని, వాళ్లతో పాటు వాళ్ల నడకలోనే ఒక రోజు నడవండి. గోడ ఎక్కడ పట్టుకుంటున్నారు, ఏ కుక్కను చూసి ఆగుతున్నారు, రోడ్డు దాటేటప్పుడు ఎన్ని బండ్లు పోయేదాకా నిలబడుతున్నారు, అన్నీ గమనించండి. బండ కింద సిమెంటు పెట్టడానికి మా మేస్త్రీకి ఒక పూట పట్టింది, అంతే.

తర్వాత గమ్యం చూడండి. గ్రౌండ్ చుట్టూ తిరగడం అందరికీ పడదు, నాకైతే నాలుగో రౌండుకే విసుగొస్తుంది. పాల ప్యాకెట్, కొత్తిమీర, మంగలి షాపు, గుడి, టీ కొట్టు, ఏదో ఒక పని ఉంటే కాళ్లు వాటంతట అవే కదులుతాయి. మనం నెల సరుకులతో పాటు కొత్తిమీర కూడా ఫోన్‌లో ఆర్డర్ పెట్టేసి వాళ్ల పని లాగేసుకుంటున్నాం. అది మానండి. క్లాక్ టవర్ సెంటర్ దాటమని ఎవరూ అనడం లేదు, రెండు మూడు గల్లీలు చాలు. వెళ్లిన దారిన కాకుండా ఇంకో గల్లీలోంచి తిరిగి రమ్మనండి, దారి గుర్తుపెట్టుకోవడం మెదడుకు పనే. మధ్యలో కూర్చోవడానికి ఒక వేపచెట్టు కట్టో, తెలిసినవాళ్ల అరుగో చూసిపెట్టండి, మాట కలిపే మనిషి అక్కడే దొరుకుతాడు.

ఇదంతా ఎందుకంటే, 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున నడిచినవాళ్లకు మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం సుమారు 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకు అది కాస్త తగ్గింది. అలాగని మొదటి రోజే 40 నిమిషాలు నడిపించకండి. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 150 నిమిషాలకు చేరితే చాలు.

ఎండాకాలం మన వైపు 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పొద్దున ఏడులోపు లేదా చీకటి పడకముందు, నెత్తిన తువ్వాలతో.

మునుగోడు, మర్రిగూడ వైపు ఒకప్పటి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మెడ, నడుము బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు. వెనక వచ్చే బండిని తిరిగి చూడలేరు, అందుకని బండ్లు ఎదురుగా కనిపించే వైపున నడిపించండి, అది కూడా చిన్న చిన్న విడతల్లో, డాక్టరును అడిగాకే. చెవులు, కళ్లు కూడా చూపించండి. హారన్ వినపడని మనిషికి రోడ్డంటే టెన్షనే, పైగా లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో మతిమరుపు జబ్బుకు చెప్పిన 14 కారణాల్లో వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం, కదలకుండా ఉండడం నాలుగూ ఉన్నాయి.

జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి. రోజూ వెళ్లే దారే తప్పిపోవడం మొదలైతే మాత్రం వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకోకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.