పాత క్రిస్మస్ సినిమాలో బేస్‌బాల్ కార్డు కనిపిస్తే అది ఏ ఏడాదిదో కనిపెట్టడం ఎలా?

అమెరికాలో ఏటా డిసెంబరు రాగానే మళ్లీ మళ్లీ చూసే సినిమాల్లో పిల్లల గది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ గది అరల్లో, మంచం పక్కన అట్టపెట్టెలో, గోడకున్న బోర్డు మీద బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాడి ఫొటోతో అచ్చయి పిల్లలు కూడబెట్టుకునే చిన్న అట్టముక్కలు, ఉండే అవకాశం బాగా ఎక్కువ. తెరమీద రెండు మూడు సెకన్లు మెరిసి మాయమయ్యే ఆ అట్టముక్క ఏ కంపెనీది, ఏ ఏడాదిది, అందులో ఉన్న ఆటగాడెవరు అన్నది ఓపికుంటే తేల్చవచ్చు.

చాలామంది ఆటగాడి మొహంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మొహం ఎప్పుడూ చివర్లోనే తేలుతుంది. ముందు చూడాల్సింది కార్డు అంచు. ఈ కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ 1952 నుంచి దాదాపు ఏటా అంచు రంగు, పేరు పట్టీ, జట్టు పేరు పెట్టే చోటు మారుస్తూ వచ్చింది. మొహం మసకబారినా అంచు తెలుస్తూనే ఉంటుంది. అంచు తెలిస్తే ఏడాది తెలుస్తుంది. ఏడాది తెలిస్తే వెతకాల్సిన కార్డులు వేల నుంచి వందలకు దిగుతాయి.

1. మంచి కాపీ సంపాదించండి

కార్డు వెడల్పు రెండున్నర అంగుళాలు. అది తెర వెడల్పులో పన్నెండో వంతు ఉందనుకోండి. డీవీడీలో బొమ్మ వెడల్పు 720 చుక్కలు (పిక్సెళ్లు) కాబట్టి కార్డుకు దక్కేవి 60, అంటే అంగుళానికి 24. కార్డు మీద పేరు అక్షరాల ఎత్తు సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు అనుకుంటే ఒక్కో అక్షరానికి 3 చుక్కలే వస్తాయి. ఎంత పెద్దది చేసినా అది చదవడానికి రాదు. బ్లూరేలో 1920 చుక్కల వెడల్పు ఉంటుంది కాబట్టి అదే అక్షరం 8 చుక్కలవుతుంది, కష్టపడితే చదవచ్చు. 4కె డిస్కులో 16 చుక్కలు వస్తాయి, హాయిగా చదవచ్చు. డీవీడీతో కుస్తీ పట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే సాయంత్రమంతా వృథా కాదు.

మన దేశంలో ఉన్నవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మనవి రీజియన్ 5. బ్లూరేలో వాళ్లది ఏ, మనది సీ. బంధువులతో తెప్పించుకున్న డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. 4కె డిస్కులకు రీజియన్ గొడవ లేదు.

స్ట్రీమింగ్ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే తరచూ నల్లటి బొమ్మే వస్తుంది. కాపీ కాకుండా పెట్టిన రక్షణ అది. అప్పుడు ఆపిన తెరను ఫోన్‌తో ఫొటో తీయాలి. ఫోన్‌ను స్టాండుకు బిగించి, తెరకు సరిగ్గా ఎదురుగా పెట్టండి. బాగా దగ్గరకు వెళితే తెర చుక్కలూ కెమెరా చుక్కలూ ఒకదానిపై ఒకటి పడి అలల్లాంటి గీతలు వస్తాయి. రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేస్తే అవి తగ్గుతాయి.

2. ఒక్కో ఫ్రేమూ చూడండి

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. రెండు సెకన్ల షాటంటే 48 బొమ్మలు. చెయ్యి కదులుతున్నప్పుడు కార్డు చెదిరిపోతుంది, ఆగిన క్షణంలో ఒకటో రెండో ఫ్రేములు మాత్రం స్పష్టంగా వస్తాయి. మనకు కావలసినవి అవే. వీఎల్‌సీ ప్లేయర్లో ఆపి, కీబోర్డులో ఇంగ్లిష్ ‘ఇ’ నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. యూట్యూబ్‌లో ఆపి ఉంచి చుక్క మీట నొక్కితే ముందుకు, కామా మీట నొక్కితే వెనక్కి.

ఒక్క ఫ్రేమే దాచుకుని మిగతావి వదిలేయకండి. ఒకదానిలో పైఅంచు బాగా పడుతుంది, ఇంకోదానిలో కింది మూల పడుతుంది. నాలుగైదు ఫ్రేములు పక్కపక్కన పెట్టుకుంటే ఒక పూర్తి కార్డు కళ్లముందు తయారవుతుంది.

3. కార్డును నిటారుగా చేయండి

తెరమీద కార్డు ఎప్పుడూ వాలుగానే ఉంటుంది. జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పర్‌స్పెక్టివ్ పనిముట్టుతో నాలుగు మూలలనూ లాగి దీర్ఘచతురస్రంలో కూర్చోబెట్టాలి. ఆ దీర్ఘచతురస్రాన్ని 500కు 700 చుక్కలుగా పెట్టుకోండి. 1957 నుంచి టాప్స్ కార్డు కొలత రెండున్నరకు మూడున్నర అంగుళాలు, అంటే ఎత్తు వెడల్పుకు 1.4 రెట్లు.

కార్డు ఈ కొలతలో ఇమడకుండా లోపలి బొమ్మ సాగినట్టో నొక్కేసినట్టో కనిపిస్తే అది వేరే కాలానిది కావచ్చు. 1933 నాటి గౌడీ కంపెనీ కార్డు పొట్టిగా, చదరానికి దగ్గరగా ఉంటుంది. 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 కార్డులు సన్నగా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాయి. పక్కన వేలో పెన్సిలో ఉంటే దాంతో పోల్చి చూడండి.

రంగు సరిచేయడం కూడా ఈ దశలోనే. క్రిస్మస్ సినిమాల్లో దీపాల పసుపు వెలుగు అన్నింటి మీదా పరుచుకుని ఉంటుంది. షాట్‌లో తెల్ల కాగితమో తెల్ల చొక్కానో వెతికి, దాన్ని తెలుపుగా చూపించి సరిచేస్తే కార్డు అసలు రంగు బయటపడుతుంది. ఇది చేయకపోతే 1970 నాటి బూడిదరంగు అంచు మురికి తెలుపులా కనబడి దారి తప్పిస్తుంది.

4. సినిమా తీసిన రోజుతో పైహద్దు గీయండి

హోమ్ అలోన్‌నే తీసుకుందాం. అది విడుదలైంది 1990 నవంబరులో, చిత్రీకరణ జరిగింది ఆ ఏడాది తొలి నెలల్లో. కాబట్టి అందులో ఏ కార్డు కనిపించినా అది 1990 సిరీస్ (ఆ ఏడాది విడుదలైన కార్డుల వరస) దాటి ఉండే వీల్లేదు. అందులోని పిల్లాడు కెవిన్ తన అన్న బజ్ గదిలో దూరి అతని పెట్టె తెరిచే సన్నివేశం ఉంది కదా, అలాంటి చోట్లే ముందు వెతకాలి. పెట్టెలో సామాను మీద కెమెరా కాసేపు ఆగుతుంది, వెలుగూ బాగుంటుంది.

రెండో ఆలోచన కూడా ఇక్కడే చేయాలి. 1980ల చివర్లో కార్డులు విపరీతంగా అచ్చయ్యాయి. ఏ దుకాణంలోనైనా చవగ్గా దొరికేవి. సెట్ సామాను సమకూర్చేవాళ్లు కొనేదీ, ఆ వయసు కుర్రాడి దగ్గర ఉండేదీ అవే. కాబట్టి 1990 నాటి సినిమాలో కార్డు చూడగానే ముందు 1986 నుంచి 1990 దాకా ఉన్న నమూనాలతో పోల్చండి. వాటిలో కుదరకపోతేనే వెనక్కి, 1970లకూ 1960లకూ వెళ్లండి. కథ 1940ల్లో నడిచే సినిమా అయితే పద్ధతి మారుతుంది. అక్కడ కథ కాలం కంటే కొత్త కార్డు కనిపిస్తే అది సెట్ వేసినవాళ్ల పొరపాటు.

5. అంచును బట్టి ఏడాది తేల్చండి

అసలు పని ఇదే. దూరం నుంచి కూడా దొరికిపోయే టాప్స్ నమూనాలు కొన్ని ఉన్నాయి. 1959లో ఫొటో గుండ్రటి చట్రంలో ఉంటుంది. 1964లో జట్టు పేరు నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 1965లో కింద జెండా ఉంటుంది. 1968 అంచు గోనెపట్టాలా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. 1971 అంచు పూర్తి నలుపు. 1972లో జట్టు పేరు సినిమా పోస్టరు మీద అక్షరాల్లా కమాను కట్టినట్టు ఉంటుంది. 1975లో పైసగం ఒక రంగు, కిందిసగం ఇంకో రంగు. ఏ మసక ఫ్రేములోనైనా దొరికేది ఇదొక్కటే అనవచ్చు. 1986లో పైన నల్లపట్టీ మీద జట్టు పేరు, మిగతా అంచు తెలుపు. 1990లో రంగురంగుల అంచు.

చిక్కంతా ఒకదాన్ని చూసి ఇంకొకటనుకునే చోట వస్తుంది. అందరూ పడే పొరపాటు చెక్క అంచు దగ్గరే. 1962లోనూ 1987లోనూ టాప్స్ చెక్కపలకలాంటి అంచే వేసింది. సినిమాలో గోధుమరంగు అంచు కనిపించగానే ‘1962 కార్డు!’ అని సంబరపడిపోతారు. రెండు మూలలు చూడండి. 1962 కార్డులో ఫొటో కింది కుడిమూల కాగితం లేచి చుట్టుకున్నట్టు గీసి ఉంటుంది, పేరు ఆ మూలలో ఉంటుంది. 1987లో ఫొటో పై ఎడమమూలలో గుండ్రటి చోట జట్టు గుర్తు, కింద కుడివైపు రంగు పెట్టెలో పేరు. పేరు చదవడానికి రాకపోయినా ఆ రంగు పెట్టె మాత్రం మచ్చలా తెలుస్తుంది. ఫ్రేము మరీ మసకైతే 1968 గోనె అంచు కూడా ఈ రెండింటితో కలిసిపోతుంది. దానికి కింది కుడిమూలలో జట్టు పేరున్న రంగు వృత్తం ఉంటుంది. ఆ వృత్తం కనిపిస్తే 1968.

నల్ల అంచు చూసి 1971 అనుకోవడం రెండో పొరపాటు. డోన్‌రస్ కంపెనీ 1985లోనూ 1987లోనూ నల్ల అంచు వేసింది. 1985 కార్డుకు కిందిభాగంలో ఎర్రగీతలు ఉంటాయి. 1971 టాప్స్‌లో జట్టు పేరు, ఆటగాడి పేరు పైన నలుపు మీద రంగు అక్షరాల్లో ఉంటాయి. పైన అక్షరాలుంటే 1971 వైపు, కింద ఉంటే డోన్‌రస్ వైపు మొగ్గండి.

కార్డు మూలలో ఇంకో చిన్న ఫొటో ఉంటే మూడు ఏళ్లు గుర్తుకు రావాలి. 1963లో చిన్న బొమ్మ వృత్తంలో, నలుపు తెలుపులో ఉంటుంది, కింద వెడల్పాటి రంగుపట్టీ. 1983లో వృత్తమే గానీ బొమ్మ రంగుల్లో ఉంటుంది. 1984లో చిన్న చతురస్రం, ఎడమవైపు నిలువునా జట్టు పేరు.

అడ్డంగా ఉన్న కార్డు, చుట్టూ టీవీ పెట్టెలాంటి చెక్క చట్రం ఉంటే అది బౌమన్ కంపెనీ 1955 కార్డు. ఒక్కసారి చూస్తే మరిచిపోలేం.

ఫ్లీర్, డోన్‌రస్ రెండూ 1981లో టాప్స్‌కు పోటీగా పూర్తి సిరీస్‌లతో వచ్చాయి. స్కోర్ 1988లో, అప్పర్ డెక్ 1989లో మొదలయ్యాయి, ఇవీ కార్డుల పేర్లే. 1953 నాటి సినిమాలో అప్పర్ డెక్ కనిపించిందని ఎవరైనా అంటే ఫ్రేము మళ్లీ చూడమనండి.

6. వెనకవైపే కనిపిస్తే

టాప్స్ కార్డుల వెనక ముతక బూడిదరంగు అట్ట ఉంటుంది. 1990ల మొదటిదాకా అంతే. తెల్లగా, నునుపుగా, రంగు ఫొటోతో కనిపిస్తే అప్పర్ డెక్ కావచ్చు. దాని మీద మెరిసే చిన్న హోలోగ్రామ్ ఉంటుంది, వెలుగు పడితే ఒక ఫ్రేములో తళుక్కుమంటుంది. 1971 టాప్స్ వెనక నలుపు తెలుపు ఫొటో ఉంటుంది. కెనడాలో ఓ-పీ-చీ పేరుతో టాప్స్ నమూనాలే అచ్చయ్యేవి. 1960, 70ల్లో ముందువైపు దాదాపు ఒకటే. 1970 నుంచి వాటి వెనక ఇంగ్లిష్‌తోపాటు ఫ్రెంచి అక్షరాలు కూడా ఉంటాయి, తేడా వాటిని బట్టే తెలుస్తుంది.

7. అప్పుడు ఆటగాడి దగ్గరకు వెళ్లండి

ఏడాది తేలాక జట్టు. 1987 టాప్స్‌లో 792 కార్డులు, అప్పటికి పెద్ద లీగుల్లో జట్లు 26. అంటే జట్టు తెలిస్తే చూడాల్సినవి ముప్పై చిల్లర కార్డులే. ట్రేడింగ్ కార్డ్ డేటాబేస్ లాంటి సైట్లలో ఆ జట్టు కార్డులన్నీ వరసగా తెరిచి పెట్టుకుని, బ్యాటు పట్టిన తీరు, ఒళ్లు తిరిగిన వైపు, వెనక ఆకాశమా గ్యాలరీయా అన్నది చూసి పోల్చండి. మసకలో మొహం మోసం చేస్తుంది గానీ భుజాల వాలు మోసం చేయదు. 1887 నుంచి 1914 దాకా కార్డులు కావాలంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రెండు వేలకు పైగా స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది.

టోపీ రంగు చూసి జట్టు చెప్పేటప్పుడు జాగ్రత్త. ఆటగాడు జట్టు మారితే టాప్స్ వాళ్లు పాత ఫొటో మీదే కొత్త టోపీ రంగు పూసేవాళ్లు, లేదా టోపీ లేని ఫొటో వేసేవాళ్లు. టోపీ గుర్తు మరీ చదునుగా, బొమ్మ గీసినట్టు ఉంటే పూసిన రంగేమో అనుమానించండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఎడిటింగ్‌లో షాట్‌నే తిప్పేశారన్నమాట. బొమ్మను అద్దంలోలా తిప్పి మళ్లీ పోల్చాలి.

8. అసలుదా, మళ్లీ అచ్చేసిందా?

1952 టాప్స్ కార్డు, అందులోనూ పేరుమోసిన ఆటగాడు మికీ మ్యాంటిల్‌ది, 311వ నంబరు కార్డు తెరమీద కనిపిస్తే సంతోషం పట్టలేం. కానీ టాప్స్ 1983లో ఆ 1952 సిరీస్‌ను తానే మళ్లీ అచ్చేసింది. ఆ తర్వాత తీసిన సినిమా అయితే ఆ మళ్లీ అచ్చేసిన కార్డే సెట్ మీదకు వచ్చి ఉండడానికి ఎక్కువ అవకాశం. అసలు 1952 కార్డు ఇప్పటి కొలత కంటే కొంచెం పెద్దది, 1983 ప్రతి మామూలు రెండున్నర, మూడున్నర. పక్కన 1957 తర్వాతి కార్డు ఉంటే ఎత్తులు పోల్చండి. ఒంటరిగా ఉంటే ‘1952 నమూనా’ అని రాసి అక్కడితో ఆపండి.

9. రాసిపెట్టుకునేటప్పుడు

గంట, నిమిషం, సెకను, ఏ డిస్కు, ఏ కొలత అన్నీ రాయండి. ఏడాది, జట్టు, ఆటగాడు అనే మూడింటికీ విడివిడిగా ‘కచ్చితం’, ‘బహుశా’, ‘తెలియలేదు’ అని గుర్తు పెట్టండి. ఏడాది కచ్చితమై ఆటగాడు తెలియకపోవడం మామూలే, అది తక్కువ పనేమీ కాదు.

తెలియనివి మిగిలిపోతే పాత టీవీ కాపీ ఒకటి దొరుకుతుందేమో చూడండి. అప్పటి సినిమాలు కొన్నింటిని వెడల్పు తెర కోసం పైనా కిందా కత్తిరించి విడుదల చేశారు. చదరపు టీవీకి ఇచ్చిన ప్రతిలో ఆ కత్తిరించిన భాగం కొంత ఉంటుంది. బ్లూరేలో సగం తెగిపోయిన కార్డు కింది అంచు, పేరున్న రంగు పెట్టెతో సహా, ఒక్కోసారి ఆ మసక వీడియో టేపులో దొరుకుతుంది.