మానిటరింగ్ ఏజెంటే సీపీయూ తినేస్తుంటే ఏం చేయాలి?

సర్వర్ మీద లోడ్ పెరిగితే మనకు చెప్పమని పెట్టుకున్న ఏజెంటే ఆ లోడ్ పెంచుతుంటే కంచే చేను మేయడం అనక ఇంకేమంటాం. ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడుతోందో చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే, డేటాబేస్ ఉండాల్సిన మొదటి వరుసలో జాబిక్స్ ఏజెంటో, నోడ్ ఎక్స్‌పోర్టరో, టెలిగ్రాఫో తిష్ఠ వేసుకుని ఉంటుంది. అది చూడగానే చాలామంది చేసే పని రీస్టార్ట్. కాసేపు తగ్గుతుంది, రెండు రోజులకి మళ్లీ మొదలు. పైగా రీస్టార్ట్ చేస్తే ఏం జరుగుతోందో చెప్పే ఆధారమూ పోతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. నేను చూసినంతవరకు ఏజెంట్‌లో బగ్ ఉండటం తక్కువ, మనం దానికి అప్పజెప్పిన పనే బరువెక్కడం ఎక్కువ. అంటే వెతకాల్సింది ఏ చెక్ (ఏజెంట్ పదేపదే కొలిచే ఒక్కో విషయం) బరువైందో అని. ఇక్కడ చెప్పేదంతా లినక్స్ సర్వర్ల గురించే.

1. ముందు అది నిజంగా ఎక్కువేనా చూడండి

టాప్‌లో కనిపించే 100 శాతం అంటే ఒక కోర్ మొత్తం అని, సర్వర్ మొత్తం కాదు. 8 కోర్ల మెషీన్‌లో అది 12.5 శాతమే. టాప్ నడుస్తుండగా షిఫ్ట్ పట్టుకుని ఐ నొక్కితే మొత్తం కోర్ల లెక్కలో చూపిస్తుంది. పీఎస్ కమాండ్ ఇచ్చే శాతాన్ని ఇక్కడ నమ్మకండి, అది ప్రాసెస్ పుట్టినప్పటి నుంచీ సగటు, ఇరవై రోజులు బుద్ధిగా ఉండి గంట క్రితం రెచ్చిపోయిన ఏజెంట్ కూడా అందులో అమాయకంగా కనిపిస్తుంది. సిస్‌స్టాట్ ప్యాకేజీలో వచ్చే పిడ్‌స్టాట్‌ను 5 సెకన్ల గ్యాప్‌తో కొన్ని నిమిషాలు నడిపితే ఇప్పటి సంగతి తెలుస్తుంది.

అయితే చిన్న మెషీన్లలో కొద్ది శాతం కూడా లెక్కే. అమెజాన్ అద్దెకిచ్చే చిన్న సర్వర్ టీ3 మైక్రో తీసుకోండి, రెండు వీసీపీయూలు (వర్చువల్ కోర్లు) ఉన్నా ఒక్కోదానికి బేస్‌లైన్, అంటే నిరంతరం వాడుకోగల వాటా, 10 శాతమే, గంటకి 12 క్రెడిట్లు వస్తాయి, ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూను ఒక నిమిషం పూర్తిగా వాడుకోవడం. అక్కడ ఏజెంట్ సగటున ఒక కోర్‌లో 10 శాతం వాడుతోందంటే క్రెడిట్లలో సగం దానికే పోయినట్టు.

2. తింటున్నది ఏజెంటా, అది పుట్టించిన స్క్రిప్టులా?

ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే, తొందరపడకండి. కొన్నిసార్లు సీపీయూ నిండుగా ఉంటుంది కానీ టాప్‌లో దోషి ఎవరూ కనిపించరు, ఎందుకంటే ఏజెంట్ నడిపే స్క్రిప్టులు అర సెకనులో పుట్టి పోతుంటాయి. టాప్‌లో షిఫ్ట్‌తో ఎస్ నొక్కితే, చనిపోయిన పిల్ల ప్రాసెస్‌లు వాడిన సమయం కూడా తల్లి ఖాతాలో కలిపి చూపిస్తుంది. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఇంకా స్పష్టంగా కావాలంటే బీసీసీ టూల్స్‌లోని ఎగ్జెక్‌స్నూప్ నడపండి, కొత్తగా మొదలయ్యే ప్రతి ప్రాసెస్‌నూ ఆర్గ్యుమెంట్లతో సహా వరుసగా రాసిపెడుతుంది.

ఉదాహరణకి జాబిక్స్‌లో ఒక యూజర్ పారామీటర్, అంటే మనం సొంతంగా రాసిపెట్టిన చెక్, ఉంది అనుకోండి. అప్లికేషన్ లాగ్‌ను క్యాట్ చేసి, గ్రెప్‌కి పైప్ చేసి, ఎర్రర్ అన్న పదం ఎన్ని లైన్లలో ఉందో లెక్కపెట్టడం దాని పని, 30 సెకన్లకోసారి. లాగ్ 50 ఎంబీ ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో పాత లాగ్‌ను పక్కకు తప్పించే లాగ్‌రొటేట్ ఆగిపోయి ఫైల్ 6 జీబీకి చేరితే, ప్రతి 30 సెకన్లకీ ఆ 6 జీబీనీ మొదటి నుంచి చదవాలి. ఏజెంట్ డిఫాల్ట్ టైమౌట్ 3 సెకన్లు కాబట్టి విలువ రాదు, చదవడానికి పెట్టిన సీపీయూ మాత్రం పోతుంది. ఇది చూసి ఎవరో ఒకరు టైమౌట్‌ను 30కి పెంచుతారు, దాంతో అసలు కొంప మునుగుతుంది. సరైన మందు లాగ్ కౌంట్ అనే ఐటమ్ వాడటం. అది యాక్టివ్ చెక్‌గా (జాబిక్స్ సర్వర్ అడగకుండా ఏజెంటే విలువ పంపేలా) నడుస్తుంది, కిందటిసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే చదువుతుంది. ఈలోగా లాగ్‌రొటేట్‌ను కూడా బాగుచేయండి, అది వేరే చెప్పాలా.

3. ఏ చెక్ అన్నది పట్టుకోండి

నోడ్ ఎక్స్‌పోర్టర్ అయితే పని సులువు. 9100 పోర్ట్‌లో మెట్రిక్స్ పేజీ తెరిచి స్క్రేప్ కలెక్టర్ డ్యూరేషన్ అన్న మెట్రిక్ చూడండి, ఒక్కో కలెక్టర్‌కి (ఒక్కో రకం లెక్క సేకరించే భాగానికి) ఎన్ని సెకన్లు పట్టిందో ఉంటుంది. ఒక్క జాగ్రత్త, అది గడియారం సమయం, సీపీయూ సమయం కాదు. ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీద తగిలించుకున్న వేరే సర్వర్ డిస్క్) జవాబివ్వక వేలాడుతుంటే ఫైల్‌సిస్టమ్ కలెక్టర్‌కి చాలాసేపు పడుతుంది కానీ సీపీయూ ఏమీ ఖర్చుకాదు. టెలిగ్రాఫ్‌లో ఇంటర్నల్ అనే ఇన్‌పుట్ ప్లగిన్ ఆన్ చేస్తే ఇలాంటి లెక్కే వస్తుంది. ఇలాంటి సదుపాయం లేని ఏజెంట్లలో పాత పద్ధతే గతి, చెక్‌లు సగం ఆపి చూడటం, తగ్గితే ఆపిన సగంలో వెతకడం.

4. యూజర్ టైమా, సిస్టమ్ టైమా?

యూజర్ టైమ్ అంటే ప్రోగ్రామ్ సొంత కోడ్‌కి పట్టింది, సిస్టమ్ టైమ్ అంటే దాని కోసం కెర్నల్ చేసిన పనికి పట్టింది. పిడ్‌స్టాట్ ఈ రెండూ విడివిడిగా ఇస్తుంది. యూజర్ ఎక్కువైతే రెజెక్స్ (నమూనాతో టెక్స్ట్ వెతకడం), పార్సింగ్ లాంటివి అనుమానించండి. సిస్టమ్ ఎక్కువైతే ప్రాసెస్‌ల వివరాలను కెర్నల్ చూపించే ప్రాక్ డైరెక్టరీని ఏజెంట్ తెగ చదువుతోందని అనుకోవచ్చు. ప్రాసెస్‌ల లిస్టు కావాలంటే ప్రతి ప్రాసెస్‌కీ ఒక్కో డైరెక్టరీ తెరవాలి, వేల ప్రాసెస్‌లు ఉన్న సర్వర్‌లో అది తక్కువ పని కాదు. ఒక్కో ప్రాసెస్ మెమరీ వివరాలుండే ఎస్‌మ్యాప్స్ ఫైల్ చదివితే ఇంకా దారుణం, కెర్నల్ ఆ ప్రాసెస్ పేజ్ టేబుళ్లన్నీ నడిచి లెక్క తేల్చాలి. ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగే పనులను (సిస్టమ్ కాల్స్) చూపే ఎస్‌ట్రేస్‌ను కౌంట్ మోడ్‌లో పది సెకన్లు తగిలిస్తే ఏ సిస్టమ్ కాల్ ఎన్నిసార్లో తెలిసిపోతుంది, కాకపోతే ఎస్‌ట్రేస్ ప్రాసెస్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది. ఏజెంట్ మీద నడిపితే నడిపారు గానీ పొరపాటున డేటాబేస్ పిడ్ (ప్రాసెస్ నంబర్) ఇవ్వకండి.

5. రీస్టార్ట్ లూప్ ఉందేమో చూడండి

కాన్ఫిగ్‌లో తప్పుండి ఏజెంట్ పడిపోతుంటే సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ మళ్లీ మళ్లీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు దాటితే ఆపేస్తుంది, అది డిఫాల్ట్. కానీ ఏజెంట్ లేచిన మూడు సెకన్లకి పడిపోతుంటే ఆ పరిమితి ఎప్పటికీ తగలదు, రోజంతా లేస్తూ పడుతూ సీపీయూ మండిస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ షోలో ఎన్‌రీస్టార్ట్స్ అంకె చూస్తే చాలు.

6. ఇక తగ్గించండి

ఎక్కువగా పనిచేసేది ఇంటర్వెల్ పెంచడమే. డిస్క్ ఎంత నిండిందో 10 సెకన్లకోసారి తెలుసుకుని మనం చేసేదేమీ లేదు, 60 చాలు. ఒకే సర్వర్‌ను రెండు ప్రోమిథియస్‌లు (మెట్రిక్స్ సేకరించే సర్వర్లు) స్క్రేప్ చేస్తుంటే, అంటే వచ్చి మెట్రిక్స్ తీసుకెళ్తుంటే, పని రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. కంటెయినర్ల లెక్కలు తీసే సీఅడ్వైజర్ వాడితే హౌస్‌కీపింగ్ ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి లెక్క తీస్తుందో) డిఫాల్ట్‌గా 1 సెకను, కంటెయినర్లు ఎక్కువుంటే దాన్ని 10 లేదా 30 చేయండి, అక్కర్లేని మెట్రిక్స్ ఆపేయండి. డీబగ్ లాగింగ్ ఎవరైనా ఆన్ చేసి మరిచిపోయారేమో కూడా చూడండి, జాబిక్స్‌లో డీబగ్ లెవెల్ 3 ఉండాలి.

సిస్టమ్‌డీలో సీపీయూ కోటా 20 శాతం అని పెడితే ఏజెంట్ ఒక కోర్‌లో ఐదో వంతు దాటదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ కాలిపోతుంటే ఇదే ముందు చేయండి, తప్పులేదు. కానీ గొంతు నొక్కిన ఏజెంట్ టైమ్‌కి జవాబివ్వదు, గ్రాఫుల్లో ఖాళీలు వస్తాయి, సర్వర్ బాగానే ఉన్నా డౌన్ అని అలర్ట్ వచ్చి ఆన్‌కాల్ వాళ్ల నిద్ర పోతుంది. అందుకే కోటా పెట్టాక కూడా రెండో మూడో స్టెప్పుల్లో చెప్పిన వెతుకులాట తప్పదు.

మార్పు చేశాక అదే పిడ్‌స్టాట్‌ను ఒక రోజంతా ఫైల్‌లోకి రాయించండి, ముఖ్యంగా రాత్రి క్రాన్ జాబులు నడిచే సమయం అందులో పడాలి. ఇంత చేసినా తగ్గకపోతే అప్పుడు బగ్‌ని అనుమానించవచ్చు. ఏజెంట్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, పిడ్‌స్టాట్ ఫైల్, పెర్ఫ్ టూల్‌తో తీసిన ప్రొఫైల్ (సీపీయూ ఏ కోడ్‌లో ఖర్చవుతోందో చూపేది), పాస్‌వర్డులు తీసేసిన కాన్ఫిగ్ జతచేసి దాన్ని తయారుచేసినవాళ్లకి పంపండి.